మా చిట్టాలో తరుగు గడి

తిత్లీ తుపాను వచ్చిన వారం నా ఫోన్‌కి బైబిలు వాక్యం రావడం ఆగిపోయింది.

అంతకుముందు రోజూ పొద్దున్నే మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక పువ్వు బొమ్మ, దాని మీద ఒక వచనం వచ్చేవి. పొయ్యి మీద టీ పెట్టి, అది చదివి, ‘ఆమేన్’ అని పెట్టేసి పనిలో పడిపోయేదాన్ని. అదే నా అనుదిన ధ్యానం అనుకునేదాన్ని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. గాలికి, వానకి ఈ గట్టూ ఆ గట్టూ తేడా తెలియదు కదా. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, మహేంద్రతనయ పొంగింది. కొండల మీద జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయని కబురు రావడానికి రెండు రోజులు పట్టింది. మా ఆయన చేసేది జీడి పిక్కల వ్యాపారమే. కొండ మీద సవర గిరిజనుల ఊళ్ల నుంచి పిక్కలు కొని పలాస పంపిస్తాం.

ఆ చీకట్లో ఒక సాయంత్రం మా అమ్మ బైబిలు తీశాను. అమ్మ పోయాక ఆరేళ్లు అది బీరువాలో బట్టల కింద ఉండిపోయింది. జిప్పు కవరు పట్టేసింది, లాగితే ఊడి వచ్చింది. కీర్తనల దగ్గర పేజీల అంచులు నల్లబడి ఉన్నాయి, అమ్మ వేళ్ల నూనె మరకలు. లేవీయకాండం, సంఖ్యాకాండం దగ్గర కూడా అంతే నల్లగా ఉన్నాయి. అది చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. అమ్మ రోజుకి ఒక అధ్యాయం వరసగా చదివేది. గోత్రాల లెక్కలు కూడా వదిలేది కాదు. “ఈ పేర్లన్నీ ఎందుకమ్మా?” అని చిన్నప్పుడు అడిగితే, “దేవుడు రాయించాడు, నేను చదువుతున్నాను” అనేది. నాలుగున్నరకి లేచి, ముందు ఒక కీర్తన పాడుకునేది. ఎక్కువగా పురుషోత్తమ చౌదరి గారివి. ఆయన మన ఊరివాడేనే అని ఎంత సంబరంగా చెప్పేదో. నిజమే, ఆయన 1803లో పుట్టింది పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో. 1833లో బాప్తిస్మం తీసుకుని సువార్త పట్టుకుని తిరిగారు. ఆంధ్ర దేశమంతా చర్చిల్లో ఇప్పటికీ ఆయన కీర్తనలు పాడుతున్నారంటే మాకు ఇంట్లో మనిషి గురించి విన్నట్టే ఉంటుంది.

తల ఎత్తితే అద్దం మీద నా వాగ్దానం కార్డు కనిపించింది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, రాబోయే ఏడుకి వాగ్దానంగా పళ్లెంలోంచి తీసుకున్న వచనం. యిర్మీయా 29:11. మన ఇళ్లల్లో ఈ కార్డు రానివాళ్లు ఉండరేమో. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు, అని. జనవరిలో అది అద్దానికి అంటించుకుని, ఆ ఏడు మాకు మంచే జరుగుతుందని నమ్మాను. అక్టోబరులో మాకు పిక్కలిచ్చే తోటలు నేల మీద ఉన్నాయి.

లాంతరు వెలుగులో ఆ అధ్యాయం మొత్తం చదివాను, యాభై రెండేళ్ల వయసులో మొట్టమొదటిసారి. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది. డెబ్బై సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని వెనక్కి రప్పిస్తాను అంటాడు దేవుడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరు చూడరు. ఇంకా పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోరి ప్రార్థన చేయండి అని ఉంది. ‘తోటలు నాటండి’ దగ్గర నా గొంతు ఆగిపోయింది. నేను ఏడాదంతా నమ్ముకున్న వాగ్దానం నాకు తెలిసినదాని కంటే చాలా పెద్దది, చాలా బరువైనది. కార్డు మీద పట్టేంత మేరకే నేను తీసుకున్నాను.

వాగ్దానం కార్డుల మీద నాకు ఏ కోపమూ లేదు. ఇప్పటికీ ప్రతి ఏడూ తీసుకుంటాను. పొద్దున్నే వచ్చే వచనం కూడా మంచిదే, దాన్ని పట్టుకుని బతికినవాళ్లని చూశాను. కానీ మనకి ఎవరో ఏరి ఇచ్చిన వాక్యం ఎప్పుడూ మనల్ని ఓదారుస్తూనే ఉంటుంది. మన మీద వేలు పెట్టే వాక్యాన్ని పువ్వు బొమ్మ మీద ఎవరు వేసి పంపుతారు? అది కావాలంటే వరసగా చదువుకుంటూ వెళ్లాల్సిందే.

2019 జనవరి ఒకటిన అమ్మ లెక్కనే మొదలుపెట్టాను. పొద్దున్న వరసగా ఒక అధ్యాయం, రాత్రి ఒక కీర్తన. బైబిలంతా 1189 అధ్యాయాలు, రోజుకి ఒకటి చొప్పున మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. తొందరేముంది అనుకున్నాను. నాలుగున్నరకి లేస్తాను, మా వీధి కుళాయికి ఐదుంపావుకి నీళ్లు వస్తాయి. ఆ ముప్పావుగంట నాది. పెదాలు కదిలిస్తూ, బయటికి వినపడేలా చదువుతాను. మనసులో చదివితే కళ్లు పరిగెడతాయి, నోటితో చదివితే ఆగుతాయి. తర్వాత ఒక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాస్తాను. ఆ రోజు నాకు అర్థం కానిదైనా సరే, నొచ్చుకున్నదైనా సరే. ఆ వాక్యంతోనే ప్రార్థన మొదలుపెడతాను. ఇంతకుముందు నా ప్రార్థన అంతా అప్లికేషన్ ఫారంలా ఉండేది, పిల్లలకి ఇది, ఆయనకి అది, మోకాళ్ల నొప్పికి ఇది. ఇప్పుడు ముందు దేవుడు మాట్లాడాక నేను మాట్లాడుతున్నాను. అడిగేవి అడగడం మానలేదు, వాటి వరస మారింది.

మధ్యలో జ్వరం వచ్చి రెండు రోజులు తప్పితే, తర్వాత కలిపి చదివాను. ఆదికాండం యాభై అధ్యాయాలు, నిర్గమకాండం నలభై, తర్వాత లేవీయకాండం. జనవరి ఒకటి నుంచి లెక్కపెడితే 109వ రోజుకి లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం. అది ఏప్రిల్ 19. ఆ ఏడు మంచి శుక్రవారం అదే రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం చర్చిలో, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. స్త్రీల సమాజం తరఫున రెండో మాట నాకు ఇచ్చారు. సిలువ మీద దొంగతో ప్రభువు అన్న మాట, నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు అన్నది. పది నిమిషాలు మాట్లాడాలి. వారం నుంచి టెన్షన్. పొద్దున్న ఈ అధ్యాయం గబగబా చదివేసి నా పాయింట్లు రాసుకుందాం అనుకుని కూర్చున్నాను.

నిజం చెప్తున్నాను, లేవీయకాండం అంటే బలులు, రక్తం, కుష్ఠు పొడల లెక్కలు అని నా మనసులో ఉండేది. ఈ అధ్యాయం అలా లేదు. పొలం ఓరలు పూర్తిగా కోయకు, పేదలకి వదులు. కూలివాడి కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ని తిట్టకు. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్నది పద్దెనిమిదో వచనం. అది ప్రభువు సువార్తల్లో చెప్పిన మాట అనే నాకు తెలుసు, ఆయన ఇక్కడి నుంచి తీసి చెప్పాడని ఆ రోజే తెలిసింది. తర్వాత పరదేశి గురించి. మీ మధ్య నివసించే పరదేశిని మీలో పుట్టినవాడిలా ఎంచాలి అని. ఆ వెంటనే, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, ముప్పై ఐదు, ముప్పై ఆరు వచనాలు.

‘తీర్పు తీర్చునప్పుడు కొలతలోగాని తూనికలోగాని పరిమాణములోగాని మీరు అన్యాయము చేయకూడదు. న్యాయమైన త్రాసులు న్యాయమైన గుండ్లు’ మీకుండవలెను.

గోడకి మేకుకి మా చిట్టా పుస్తకం వేలాడుతోంది. సీజన్ మధ్యలో ఉన్నాం, మార్చి నుంచి మే దాకా మాకు ఊపిరాడదు. కాటా మా ఆయన చూస్తారు, లెక్క నేను రాస్తాను. పేజీకి ఆరు గడులు గీస్తాను. తేదీ, ఊరు, పేరు, బరువు, తరుగు, డబ్బు. మా దగ్గర బస్తా అంటే ఎనభై కిలోలు. బస్తాకి మూడు కిలోలు తరుగు తీస్తాం. గోనెకి ఒకటి, తేమకి రెండు. మా మామగారి కాలం నుంచీ అంతే. ఈ మూడు నేను ఎన్ని వేలసార్లు రాసుంటానో. గడిలో చుక్కల్లా, పైనుంచి కిందికి, 3, 3, 3. అంతా నా చేతి రాత.

ఏప్రిల్ ఎండలో నాలుగు రోజులు ఆరబెట్టి, నేల మీద పోస్తే గలగలమనే పిక్కలకి తేమ ఎక్కడిది?

లెక్క వేశాను. సీజన్‌కి నాలుగు వందల బస్తాలు కొంటాం. తేమ పేరుతో బస్తాకి రెండు కిలోలు. ఎనిమిది వందల కిలోలు. పది బస్తాలు. కొండ మీద నుంచి నెత్తి మీద, ఆటో టాపు మీద వచ్చిన పిక్కల్లో పది బస్తాలు ఏటా డబ్బు ఇవ్వకుండా మా గోడౌన్‌లోకి వస్తున్నాయి. పైగా ఇది తుపాను తర్వాత మొదటి కాపు. మిగిలిన చెట్ల నుంచి ఏరుకుని తెచ్చినవి.

మధ్యాహ్నం తెల్లచీర కట్టుకుని వెళ్లి రెండో మాట చెప్పాను. రాసుకున్న కాగితం బ్యాగులోనే ఉండిపోయింది. లూకా 23లో ఆ దొంగ పక్కవాడితో అన్న మాటే చెప్పగలిగాను, ‘మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము’ అని. పరదైసు మాట వినడానికి ముందు అతను ఈ మాట అన్నాడు, అంతే చెప్పి కూర్చున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందరూ నాకు ఒంట్లో బాగాలేదు అనుకున్నారు.

ఆ రాత్రి ఆయనకి చెప్పాను. మా ఆయన సంఘ పెద్ద. అబద్ధమాడే మనిషి కాదు, దానం చేసే చెయ్యి. తుపానప్పుడు మా గోడౌన్‌లో పదిహేను కుటుంబాలకి వండి పెట్టించారు. అందుకే చెప్పడం నాకు ఇంకా కష్టమైంది.

“అందరూ తీసేదే కదా” అన్నారు. “అవతల మన సరుకు దిగినప్పుడు మన దగ్గర తీయట్లేదా? అది ఎక్కడి నుంచి పూడ్చాలి?”

“తెలీదండి” అన్నాను. నిజంగానే తెలీదు.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. నేనూ వాదించలేదు. ఇంతకుముందైతే వాదించేదాన్ని, వచనాలు చూపించేదాన్ని. ఆ రాత్రి మోకాళ్ల మీద ఉండి, ప్రభువా, ఆయన మనసు మార్చు అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చేయలేకపోయాను. రాసింది నేను. మూడంకె వేసింది నేను. నన్ను క్షమించు అన్నాను.

శనివారం సాయంత్రం గోడౌన్‌లో లైటు వెలుగుతోంది. వెళ్లి చూస్తే ఆయన ఒక్కరే ఉన్నారు. ఖాళీ గోనెసంచులు పది మడతపెట్టి, కాటా మీద పేర్చారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, అంకెలకేసి వంగి చూస్తున్నారు. నన్ను చూసి, “తొమ్మిది కిలోల నాలుగు వందలు” అన్నారు. “పదింటికి. ఒక్కోటి కిలో కూడా లేదే.” అంతే అన్నారు. సంచులు తీసి ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ వెళ్లారు. గోనె తరుగు నిజమైనదే అని ఆయన నమ్మకం. తండ్రి చెప్పిన లెక్క అది. దాన్ని కూడా కాటా మీద పెట్టాలని నాకు తోచలేదు, ఆయనకి తోచింది.

ఈస్టర్ మర్నాడు నుంచి సంచి పిక్కలతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూస్తున్నాం. తరుగు గడి గీయడం మానేశాను.

ఆ వారంలో ఒక సవర పెద్దావిడ రెండు బస్తాలు తెచ్చింది. ఏటా మాకే వేస్తుంది. వాళ్లదీ బాప్టిస్టు సంఘమే, కొండ మీద. డబ్బు చేతిలో పెడితే మూడుసార్లు లెక్కపెట్టుకుంది. ఎక్కువ ఎందుకొచ్చిందని అడిగింది. మా ఆయన ఏదో నీళ్లు నమిలారు. నేనే చెప్పాను, “అప్పా, ఇన్నాళ్లూ ఎక్కువ తరుగు తీశాం. తప్పు. ఇక తీయం.”

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. నన్ను అలా చూసి, “పోయినేడుది?” అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. సువార్తలో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మేం పాత చిట్టాలు తిరగేశాం. దొరికినవి ఐదేళ్లవే. చాలా చోట్ల ఊరి పేరు, ఇంటి పేరు తప్ప ఏమీ లేదు. గుర్తుపట్టగలిగినవాళ్లకి ఆ సీజన్ చివర్లో ఇచ్చాం. ఒకంతే, నాలుగంతలు కాదు. మిగిలినవాళ్ల పేర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి. రోజుకి ఇద్దరి పేర్లు చదివి ప్రార్థన చేస్తాను. వాళ్ల బాకీ ప్రార్థనతో తీరిందని నేను అనుకోవట్లేదు.

సాక్ష్యాల కూడికల్లో ఇలాంటిది చెప్తే, ఆ తర్వాత దేవుడు రెండింతలు దీవించాడు అని వినాలని అందరూ చూస్తారు. మాకు అలా జరగలేదు. ఆ ఏడు చేతికి వచ్చేది తగ్గింది. ఇల్లు మీద అంతస్తు వేద్దామన్నది ఆగింది, ఇంకా ఆగే ఉంది. తోటి వ్యాపారులు కొన్నాళ్లు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇది కూడా చెప్పకపోతే నా సాక్ష్యంలో తరుగు తీసినట్టే.

బైబిలు ఒకసారి పూర్తయ్యేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది. మళ్లీ ఆదికాండం నుంచి మొదలుపెట్టాను. రెండోసారి లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం జూలైలో వచ్చింది. వానాకాలం, గోడౌన్ ఖాళీ. ఈసారి తూనికల దగ్గర కాదు, పదమూడో వచనం దగ్గర ఆగాను, కూలివాడి కూలి. మా హమాలీలకి శనివారం శనివారం ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే.

తీరనిది ఒకటి ఉంది. సీజన్‌కి ముందు కొండ ఊళ్లవాళ్లకి అడ్వాన్సులు ఇస్తాం, పిక్కలు వచ్చాక పట్టుకుంటాం. తుపానుకి తోటలు పోయినవాళ్ల దగ్గర అవి అలాగే ఉండిపోయాయి. జీడి మొక్క నాటితే కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు, మంచి కాపుకి ఇంకా ఎక్కువ. కొట్టేద్దామని నేను, కొంచెం కొంచెంగానైనా రానీ అని ఆయన. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఆ డబ్బు మాకూ అప్పు తెచ్చిందే. రోజూ ప్రార్థన చివర్లో ఇద్దరం కలిసి పరలోక ప్రార్థన చెప్తాం. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గుతుంది. నాదీ తగ్గుతుంది, నాకు వేరే ఋణస్థులు ఉన్నారు, మా ఆడపడుచుతో మాటల్లేక చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఇక్కడ రాయను.

ఈమధ్య రాత్రి కీర్తన మా మనవరాలితో చదువుతున్నాను. దానికి ఎనిమిదేళ్లు. బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాదు. ఇక్కడ మన పిల్లలందరికీ ఇదే. నేనేం బాధపడను, ఒడియా బైబిలు అది నాకంటే బాగా చదువుతుంది. బెంగాల్లోని సేరంపూర్ మిషన్ ప్రెస్సులో ఒడియా కొత్త నిబంధన 1809లో అచ్చయింది, తెలుగు సువార్తలు 1812లో అదే ప్రెస్సులో. రెండూ దగ్గర చుట్టాలే. కానీ మా అమ్మ బైబిలు దానికి మూగబోకూడదని నా ఆశ. అందుకని 119వ కీర్తన పట్టుకున్నాం. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, ఒక్కో భాగానికి ఒక్కో హెబ్రీ అక్షరం పేరు. ఆలెఫ్, బేత్. దానికి ఆ పేర్లంటే సరదా. అక్షరాలు నేర్చుకునే పిల్లకి అక్షరాల కీర్తన.

నిన్న గీమెల్. వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ పందొమ్మిదో వచనం దాకా వచ్చింది. “నేను… భూమిమీద… పర… దే… శినై యున్నాను.” ఆగి, “పరదేశి అంటే ఎవరు అమ్మమ్మా? కొండ మీద నుంచి పిక్కలు తెచ్చేవాళ్లా?” అంది.

పక్క గదిలో ఆయన లెక్కలు చూసుకుంటున్నారు, పెన్ను చప్పుడు ఆగింది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. మా మామగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, 1936లో ఒడిశా వేరుపడి సరిహద్దు గీత మారితే ఇల్లు కదలకుండానే ఒడిశావారయ్యారు, అది చెప్పనా? కొండ మీదవాళ్లు మాకంటే ముందు నుంచీ ఇక్కడ ఉన్నవాళ్లు, అది చెప్పనా?

“ఇంకోసారి చదువు” అన్నాను. చదివింది. ఈసారి ‘పరదేశినై’ ఒక్క ఊపులో వచ్చేసింది. దానికి సంతోషం పట్టలేక వచనం మళ్లీ మళ్లీ చదువుతోంది. నిద్రపోయేటప్పుడు మళ్లీ అడిగింది. పొద్దున్న చెప్తానన్నాను.

ఈ పొద్దున్న అది లేచేలోగా లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం ముప్పై నాలుగో వచనం తీసి పెట్టుకున్నాను, ‘ఐగుప్తు దేశములో మీరు పరదేశులై యుంటిరి’. అక్షరాలు పెద్దవిగా ఒక కాగితం మీద రాశాను, అదే చదువుకుంటుందని. రాత్రికి దాలెత్.